సొంత మనిషి

ఆ రోజు ఇంట్లో ఉన్నది దాది, బాపు, అమ్మ, మిర్యాలగూడ నుంచి వచ్చిన వినోద్ బాబాయి, స్రవంతి పిన్ని, నేను. అన్న రాహుల్ లేడు. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతూ అక్కడే రూములో ఉంటాడు. దాది అంటే మా నాన్నమ్మ, మోతీబాయి. ఇంట్లో ఉన్నవాళ్ళలో ఆమెను నేను లెక్కపెట్టాను కానీ, ఆ మధ్యాహ్నం మాట్లాడుకున్నవాళ్ళు లెక్కపెట్టలేదు. వసారాలో మంచం మీద ఆమె కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండగానే, ఆమెను ఎక్కడ ఉంచాలో ఆమె తలాపున కూర్చునే మాట్లాడుకున్నారు.

నేను పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తున్నాను. అమ్మ నడుముకు బెల్టు పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. పోయిన వానాకాలం పశువుల కొట్టం దగ్గర జారిపడి దాదికి తుంటి విరిగింది. ఆపరేషన్ అయినా నడక రాలేదు. అప్పటినుంచి అమ్మే ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది, ఎత్తి స్నానానికి తీసుకెళ్ళింది, ఎత్తి పడుకోబెట్టింది. మధ్యలో నాట్లకూ పత్తి ఏరడానికీ కూలికి పోయి వచ్చింది. ఎత్తడాన్ని మా ఇంట్లో ఎవరూ పని అనలేదు. అమ్మ అలసిపోయానంటే, "పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, గంతే కదనే" అనేవాడు బాపు. ఈ ఎండాకాలం ఒక పొద్దున దాదిని లేపబోయి అమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. దవాఖానాలో డాక్టరు, ఇక నీళ్ళ బిందె కూడా ఎత్తొద్దన్నాడు. బాపు ఆయన్ని అడిగిన మొదటి మాట, "మరి మా అమ్మను ఎవరు లేపుతరు సార్?" అమ్మ గురించి ఇంకేమైనా అడుగుతాడేమోనని నేను బాపు ముఖమే చూస్తూ నిలబడ్డాను. అడగలేదు. మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిజానికి దాది వంతులవారీగా ఇద్దరు కొడుకుల దగ్గరా ఉండాలి. కానీ బాబాయి వాళ్ళది కిరాయి ఇల్లు, పై అంతస్తు. "మెట్ల మీద అత్తమ్మను ఎట్ల మోస్తం అక్కా" అని పిన్ని ప్రతిసారీ అమ్మనే అడిగేది, ఆ మెట్లు అమ్మే కట్టించినట్టు. అందుకే దాది వంతు ఎప్పుడూ మా ఇంట్లోనే తిరిగింది. ఇప్పుడు బాబాయి సూర్యాపేటలో ఒక హోమ్ చూసి వచ్చాడు. ముసలివాళ్ళను ఉంచుకుని చూసుకునే చోటు. మంచాన పడ్డవాళ్ళకు నెలకు పదహారు వేలు. సొంత మనిషి ఎవరైనా తోడుండి చూసుకుంటే తొమ్మిది. అమ్మ ఇన్నాళ్ళు చేసినదానికి ధర ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే. అమ్మకు కూడా తెలిసి ఉంటుంది. బెల్టు సర్దుకుంటూ తల వంచుకుంది.

ఆ తర్వాత డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. కాంచళి మాట ఎత్తారు.

మాది తండా. అమ్మ చీర కడుతుంది, నేను చుడీదార్ వేసుకుంటాను. దాది మాత్రం పాత లంబాడీ కట్టు వదల్లేదు. తాత పోయాక చేతి నిండా ఉన్న గాజులూ, జడకు వేలాడే వెండి ఘుగ్రీలూ తీసేసింది. అద్దాల లంగా, కాంచళి మాత్రం తీయలేదు. కాంచళి అంటే ముందువైపే ఉండే రవిక. వీపు మీద బట్ట ఉండదు, దారాలు లాగి ముడి వేయాలి. దాది చేతులు ఇప్పుడు వెనక్కి పోవు. ఆమె వీపు మీద చెయ్యి వేయగలిగింది ఇంట్లో అమ్మా, నేనూ మాత్రమే.

"ఆయాలకు కాంచళి కట్టుడు ఏమెరుక బావా?" అంది పిన్ని. "అత్తమ్మ పరాయోళ్ళను ముట్టనియ్యదాయె. పూజ అయితే సక్కగ కడతది" అని నా వైపు చూపించింది.

"అవునన్నా, పిల్ల పక్కన ఉంటే అమ్మకు బెంగుండది" అన్నాడు బాబాయి.

అమ్మ మెల్లగా అంది. "దానికి గురుకులంల సీటొచ్చింది కదా. కోదాడ దిక్కు. వచ్చే సోమవారం దాకనే టైము. పోకుంటే సీటు వేరేటోళ్ళకు ఇస్తరట."

"చదువు ఖతం చెయ్యమన్నమా వదినా? వచ్చే యేడు చేరతది. టెన్త్ అయింది కదా, ఆడపిల్లకు గంత తొందరేంది?"

"రాహుల్‌ను ఒక నెల..."

"రాహుల్‌కు కాంచళి కట్టుడు వస్తదా ఏంది?" అన్నాడు బాపు. అందరూ నవ్వారు. రొట్టె తిప్పుతూ నేనూ నవ్వాను. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వకపోతే నా వైపు చూస్తారని భయం. బడిలోనూ అంతే. మొదటి బెంచీలో కూర్చుని, జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. నేను మాట్లాడకపోవడాన్ని మా ఇంట్లో మంచితనం అంటారు. "పూజ మా బంగారం, ఎదురు మాట్లాడదు" అని చుట్టాలకు చెబుతారు. బాపు అడిగాడు కూడా, "ఏమంటవ్ బేటీ?" అని. "సరే బాపు" అన్నాను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. ఆ మాట రేపు ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

హోమ్‌లో దాదికీ నాకూ ఇచ్చిన గదిలో దాది మంచం తలుపు పక్కనే ఉంది. రెండో మంచం మీద లచ్చమ్మ అని ఒక ముసలామె. దాదిని చూడగానే, "డ్యాన్సు డ్రెస్సా పాపా? యాన్యువల్ డే ఉన్నదా?" అని నవ్వింది. మొదటి పొద్దున ఆయా శాంతకుమారి నేను నీళ్ళకు పోయినప్పుడు కాంచళిని బనీను లాగా తల మీదుగా పైకి లాగింది. అద్దం అంచు చెవికి గీసుకుంది. దాది ఆమె చేతి మీద ఫట్‌మని కొట్టింది. "నాకేం తెల్సు తల్లీ, ఎనక దారాలుంటయని" అని శాంతకుమారి బిక్కమొహం వేసింది. ఆ ముచ్చట ఫోన్లో వినగానే బాబాయి సంతోషపడ్డాడు. "సూసినవా, అందుకే నిన్ను పెట్టింది" అన్నాడు.

నేను దాదికి ఒళ్ళు తుడిచాను, బట్టలు మార్చాను, పుండ్లు పడకుండా పక్కకు తిప్పాను. తిప్పేటప్పుడు నా నడుములో ఏదో పట్టినట్టయ్యేది. అమ్మకు ఎక్కడ నొప్పి మొదలైందో నాకు చెప్పకుండానే తెలిసింది. అక్కడివాళ్ళంతా మంచివాళ్ళే. "పూజా, ఆ పెద్దమ్మకు జర నీళ్ళియ్యి." "పూజా, లచ్చమ్మకు అన్నం కలిపి పెట్టు బిడ్డా." కాదనడం రాని మనిషి వచ్చిందని ఆ హోమ్‌లో అందరికీ తొందరగానే తెలిసిపోయింది. ఒకరోజు శాంతకుమారి నా భుజం తట్టి, "నీ చెయ్యి మంచిది. గిట్లనే ఉంటే సార్ నిన్ను ఈడనే పెట్టుకుంటడు, జీతం గూడ ఇస్తడు" అంది. ఆమె మెచ్చుకుంటూనే అంది. ఆర్నెల్లు అన్నారు ఇంట్లో. దాది చచ్చిపోతే తప్ప అయిపోని ఆర్నెల్లు అవి. నేను ఇంటికి పోవాలంటే దాది చచ్చిపోవాలి. ఆ ఆలోచన నాకు వచ్చింది, ఆమె జుట్టు దువ్వుతుండగానే వచ్చింది. దువ్వెన ఆగిపోయింది.

"ఏమైంది?" అంది దాది.

"చిక్కు పడ్డది" అన్నాను.

శనివారం మధ్యాహ్నం గురుకులం కాలేజీ మేడం ఫోన్ చేసింది. సోమవారం సాయంత్రం వరకే చూస్తామనీ, వెనక ఇంకో అమ్మాయి ఎదురుచూస్తోందనీ, వస్తున్నావా రావా ఒక్క మాట చెప్పమనీ అడిగింది. "బాపును అడిగి చెప్తా మేడం" అన్నాను. అడగనని నాకు తెలుసు.

"ఎవరే?"

"ఎవరు లేరు దాదీ."

"ఎవరు లేకుంటే కండ్లల్ల నీళ్ళెందుకు?" అంది. నేను బకెట్ తీసుకుని బయటికి పోయాను. ఆ పూట దాది పెట్టింది తిన్నది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున నేను వేడినీళ్ళు తెచ్చేసరికి దాది మంచం మీద నైటీ వేసుకుని కూర్చుని ఉంది. నీలం పూల నైటీ. హోమ్‌లో ఎవరో వాడి వదిలేసినది. మెడ దగ్గర మార్కరుతో వేరే ఎవరిదో పేరు రాసి ఉంది. శాంతకుమారి మంచం పక్కన కాంచళి మడత పెడుతోంది, అద్దాలు గీరుకోకుండా జాగ్రత్తగా. "నాతోనే దారం ఇప్పించింది" అని గుసగుసగా చెప్పింది, తనేదో తప్పు చేసినట్టు. ఆ నైటీలో దాది భుజాలు ఎంత చిన్నగా ఉన్నాయో. నేను రోజూ ముట్టుకునే భుజాలే. నాకు ఆమె ఎవరో పక్కగది మనిషిలా కనిపించింది. నైటీ వేస్తుండగా వీపు మీద అడ్డంగా తెల్లటి గీతలు కనబడ్డాయని, పెళ్ళినాటి నుంచీ దారాలు ఒత్తుకున్న చోటు కాబోలని శాంతకుమారి అంది.

"ఆ సారును పిలువు" అంది దాది.

మేనేజరు శ్యాంసుందర్ వచ్చాడు. "ఇగ నాకు సొంత మనిషి వద్దు. మీ ఆయాలే సూసుకోవాలె" అంది.

"చూసుకుంటరు పెద్దమ్మా. నైటీ అయితే మావాళ్ళకు కూడ అలకగనే అయితది. కాని ఫీజు పూర్తిగ పడుతది మరి. మీవాళ్ళతోని ఒక మాట అనుకోవాలె."

"ఫోన్ కలుపు. నా సిన్న కొడుకుకు."

ఆయన స్పీకర్ పెట్టాడు. అవతల రైసుమిల్లు చప్పుడు. బాబాయి అక్కడ సూపర్‌వైజర్.

"వినోదూ, పిల్లను కాలేజీకి తోలుతున్న."

"గదేందమ్మా? పిల్ల లేకుంటే నీకు కాంచళి ఎవరు కడతరు?"

"కాంచళి ఇప్పిన. నైటీ ఏసుకున్న."

మిల్లు చప్పుడు మీద బాబాయి గొంతు పెరిగింది.

"నైటీనా? నువ్వా?"

"నేనే. ఇగ చెప్పు. పిల్లెందుకు?"

"అది కాదమ్మా... మనిషి లేకుంటే పదహారు వేలు కట్టాలె. అన్నకు ఏడికెళ్ళొస్తయి, నాకు ఏడికెళ్ళొస్తయి?"

"ఆ. గా మాట ఆనాడు వసారాలనే అనాలె. నా కాంచళిని ఎందుకు అడ్డం పెట్టినవ్ రా?"

బాబాయి ఏదో అనబోయాడు. "ఇద్దరు మొగపిల్లలను కన్న. ఇద్దరు కూసోని సూసుకోండి. లేదంటే వచ్చి తీస్కపోండి, మీరే ఎత్తి మీరే దించండి" అని దాది ఫోన్ మేనేజరు చేతికి ఇచ్చేసింది. పక్క మంచం మీద లచ్చమ్మ నోట్లో వక్క నమలడం ఆపి చూస్తోంది.

అమ్మ వచ్చింది అప్పుడే. ఒక్కతే, బస్సులో. దాదిని చూసి వస్తానని మాత్రమే బాపుకు చెప్పిందట. చేతిలో సంచి. గుమ్మంలోనే ఆగి, నైటీ వైపు చూసి, "అత్తా, ఇదేంది?" అంది.

"సూడు మరి. పెండ్లయినంక చీర కట్టినవని నిన్ను ఎన్నేండ్లు తిట్టిన. నాకు గిది రాసిపెట్టి ఉన్నది" అని దాది నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

అమ్మ సంచి కింద పెట్టింది. అందులో నా బట్టలు ఉన్నాయి, దువ్వెన, పళ్ళెం, గ్లాసు కూడా ఉన్నాయి. హాస్టలుకు తెచ్చుకొమ్మన్న సామాను. "నిన్ను అడుగుదామనే వచ్చిన అత్తా. పిల్లను ఇడువుమని" అంది. పెళ్ళయ్యాక అమ్మ దాదిని ఏదైనా అడగడం నేను చూడలేదు. దాది ఇవ్వడమూ చూడలేదు.

"అడిగేదేంది. తీస్కపో. కోదాడ బస్సు దొరుకుతది ఇప్పుడు."

"ఇంట్ల లొల్లి అయితది."

"కానియ్. నేనే తోలిన్నని చెప్పు. నన్ను అడగమను."

నాకు సంతోషం రావాలి. వస్తుందని చూశాను. మంచం దగ్గరికి పోయి, "దాదీ, నేను పోను" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత గట్టిగా రావడం నాకే కొత్త. వసారాలో బాపుకు చెప్పాల్సిన మాట. బాబాయికి చెప్పాల్సిన మాట. పుట్టాక మొదటిసారి ఒకరికి కాదని చెబుతున్నాను, అదీ నాకోసం ఒంటి మీది బట్ట విప్పిన మనిషికి.

"నీ యాడి నడుము తిన్న. నీది గూడ తినమంటవా?" అంది దాది, తను యాడి అన్న మా అమ్మ వైపు చూడకుండా. "పో. ఇంక నాకు నీతోని పనిలేదు."

అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. గడప అవతల నిలబడి మళ్ళీ వెనక్కి తిరిగాను. ఇన్నేళ్ళు గాలి తగిలిన వీపు మీద ఇప్పుడు బట్ట ఉంది. ఉక్కపోస్తుందేమో. దురద పెడితే ఎవరిని పిలుస్తుందో. శాంతకుమారికి మా భాష రాదు. రాత్రి దాది యాడీ అని పిలిస్తే అమ్మను పిలుస్తోందని కూడా వాళ్ళకు తెలియదు. ఇవన్నీ చెప్పాలని, "దాదీ, ఒక్క మాట" అన్నాను.

ఆమె మంచం మీది నుంచే చెయ్యి చాపి తలుపు మూసేసింది.