పేరు చెప్తేనే సూది

ఎవరి తోడూ లేకుండా నా చేత్తో నేనే ఇవ్వబోయే మొదటి ఇంజెక్షన్ ఆ రోజు. మా దీవిలోని డిగ్నాబాద్ పేట నుంచి ఆసుపత్రికి బస్సులో నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగా ఉన్నా. నాకు ఓపిక తక్కువని మా అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. నిజమే.

వార్డు ఇన్‌చార్జి కమలాకుమారి సిస్టర్ ట్రే నా చేతికిస్తూ, "పేరు నువ్వు చదివి తలూపించుకోకు ప్రమోదా. వాళ్ళ నోటితో చెప్పించు" అంది. మూడేళ్ళ నర్సింగ్ శిక్షణలో అదే పాట. సరే దీదీ అన్నాను గానీ, కాళ్ళు అప్పటికే ఏడో నంబరు మంచం దగ్గరికి వెళ్ళిపోయాయి.

ఏడోది కిటికీ పక్క మంచం. కేసు షీటులో లక్ష్ముడు అని ఉంది, న్యుమోనియాకి పెన్సిలిన్ రాశారు. మంచం మీద ఓ పెద్దాయన జ్వరంతో మగతగా పడుకున్నాడు. చేతికి ఉండాల్సిన పేరు పట్టీ మంచం కమ్మీకి ముడేసి ఉంది. దాని మీదా లక్ష్ముడే. నాకు నవ్వొచ్చింది. చేపల వేటకెళ్ళే మా నాన్న మణికట్టుకి వాచీ కూడా ఉంచుకోడు, వల తాడు చిక్కుకుంటే చెయ్యే పోతుందంటాడు. ఈయనా మా వాళ్ళలో మనిషే అనుకున్నాను.

"తాతా, పేరు చెప్పు" అన్నాను. పలకలేదు. పక్కన స్టూలు మీద ఆయన భార్య కాళమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, ఈయన పేరేంటి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాను సెప్పకూడదు తల్లీ. మాయన పేరు నాను పలికితే ఆయుస్సు తగ్గుద్ది. ముప్పయ్యేళ్ళ కాపరంలో ఒక్కపాలీ అన్లేదు. అందులో రాసుంది గదా, సదువుకో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. షీటు సరిపోయింది, పట్టీ సరిపోయింది, మంచం సరిపోయింది. గుచ్చేసి పోతే ఎవరడుగుతారు? సిరంజి చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ వార్డు ఆ చివర నుంచి దీదీ నన్నే చూస్తోంది. ఉసూరుమంటూ సిరంజి మళ్ళీ ట్రేలో పెట్టాను.

"పేరు చెప్తేనే సూది. చెప్పకపోతే జ్వరం దిగదు. ఇక నీ ఇష్టం."

కాళమ్మ మొగుడి మొహం చూసింది. కళ్ళనిండా నీళ్ళు. వంగి నా చెవిలో అంది.

"గవరయ్య."

ఆ పేరు ఇందాక ఏదో షీటు మీద చూసినట్టుంది. పక్కనున్న ఎనిమిదో మంచం షీటు లాగి చూశాను. పేరు గవరయ్య. కింద ఎర్ర సిరాతో, పెన్సిలిన్ పడదు, ప్రాణాపాయం అని ఉంది.

"మరి ఈ మంచం మీద ఎందుకున్నాడు?"

"కిటికీలోంచి జెట్టీ అవుపడతది గదా. బోటు వొచ్చిందో లేదో సూసుకోవాలని పొద్దున్నే లక్ష్ముడన్నతో మంచం మార్సుకున్నాడు."

అప్పుడే లక్ష్ముడు మొహం తుడుచుకుంటూ బాత్రూమ్ నుంచి వచ్చి ఎనిమిదో మంచం మీద కూర్చున్నాడు. ఆ మంచానికీ ఒక పట్టీ భద్రంగా కట్టి ఉంది. పట్టీలు ఉన్నచోటే ఉన్నాయి, మనుషులే మారిపోయారు.

"దీదీ, జల్దీ ఆయియే" అని, త్వరగా రమ్మని కేకేశాను. ఆమె వచ్చి అంతా చూసింది, తిట్టలేదు. రెండు పట్టీలూ విప్పి, ఎవరిది వాళ్ళ మణికట్టుకి తనే కట్టింది. "ఇది బోటు కాదు భయ్యా, ఆసుపత్రి" అని మాత్రం లక్ష్ముడితో అంది.

లక్ష్ముడి చేత రెండుసార్లు పేరు చెప్పించి మరీ ఇంజెక్షన్ ఇచ్చాను. ఎంత సంతోషమో! ఇచ్చిన సూది కంటే ఇవ్వని సూదికే నాకు ఎక్కువ సంబరంగా ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో అదే కథ నాలుగుసార్లు చెప్పాను.

మూడో రోజుకి గవరయ్య జ్వరం దిగి లేచి కూర్చున్నాడు. నేను మాత్రలు తీసుకెళ్ళి, "తాతా, నీ పేరు?" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపే కాళమ్మ, "గవరయ్య" అనేసింది, వార్డంతా వినబడేలా.

ఆయన బిత్తరపోయాడు. "నా పేరంటావేటే? నన్ను సంపేత్తావా?"

"మొన్న అన్నాను గాబట్టే ఉన్నావు" అంది కాళమ్మ. "ముందు ఆ పిల్లకి నీ పేరు సెప్పి, మాత్ర మింగు."