పన్నెండు చక్రాలలో నాలుగే

నేను ఒక ఆవిరి ఇంజన్ను. నాకు బాగా గుర్తున్న తేదీ 1936 నవంబరు 10, మంగళవారం. ఆ రోజు తిన్నది వరి అన్నం, వంకాయా మెత్తళ్ళనే చిన్న చేపలూ కలిపి వండిన కూర. ఇంజనుకి తిండి సంగతి ఎలా తెలుసని మీరు అడగవచ్చు. నా పొయ్యి తలుపుకి పైన చిన్న ఇనుప అర ఒకటి ఉంది. నూనె డబ్బా వెచ్చగా ఉండటానికి దాన్ని అమర్చారు. నా మీద పనిచేసినవాళ్ళు మాత్రం దాని మీద అన్నం క్యారేజీలే పెట్టుకున్నారు. ఆ మంగళవారం ఫైర్‌మన్ దాలినాయుడు కొత్త ఇత్తడి క్యారేజీ తెచ్చి పెట్టాడు. అతనికి పెళ్ళయి వారమే అయింది. మూత సందులోంచి వచ్చిన ఆవిరి నా ఆవిరి కంటే బాగుందని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

నన్ను 1911లో సముద్రానికి అవతల చేశారు. నా ఒంటి తీరు కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినది మీకు అర్థం కాదు. నాకు ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో నాలుగు పెద్దవి, వెనక మళ్ళీ నాలుగు చిన్నవి. ఎటు నుంచి చూసినా ఒకే రూపం. అందువల్ల నన్ను తిప్పి నిలబెట్టే పని లేదు, ముందుకి ఎంత సాఫీగా పోతానో వెనక్కీ అంతే. కాగితం మీద బొమ్మగా చాలా అందంగా ఉండి ఉంటాను. నన్ను గీసిన దొర వానలో మెట్ట ఎక్కి ఎరగడని మాత్రం నా అనుమానం.

ఎందుకంటే ఆ పన్నెండింటిలో ఆవిరి తిప్పేవి మధ్య నాలుగే. మిగతా ఎనిమిదీ బరువు పంచుకుంటూ వెంట దొర్లుతాయి. ఆ నాలుగూ పట్టాలని గట్టిగా పట్టుకోవాలంటే వాటి మీద బరువు ఉండాలి. ఆ బరువు చాలావరకు నీళ్ళది. నా జాతి ఇంజన్లు నీళ్ళని వెనక బండిలో కాకుండా ఒంటి మీదే, బాయిలరుకి రెండు పక్కలా ఉన్న ట్యాంకుల్లో మోస్తాయి. ట్యాంకులు నిండుగా ఉంటే నాకు పట్టు ఉంటుంది. నీళ్ళు తగ్గితే తేలికవుతాను, తేలికయితే జారిపోతాను. బరువు దిగితే ఎక్కడం సులువని మనుషులు అనుకుంటారు. నా విషయంలో అది తిరగబడింది.

ఈ తీరుగా చేసినది మమ్మల్ని ఇద్దరినే. మొదట కొనుక్కున్నవాళ్ళు కొన్నాళ్ళు చూసి మా అక్కని ముక్కలు చేశారు. నన్ను చినగెడ్డ జంక్షన్ నుంచి రాళ్ళవలస దాకా వెళ్ళే ఇరవై రెండు మైళ్ళ లైనుకి తోలేశారు. ఆ తర్వాత నాలాంటి ఒంటితీరు గల ఇంజను నా కంట పడలేదు. జంక్షన్‌లో మిగతావి ఒకదాన్ని చూసి ఒకటి కూత వేసుకునేవి. నేనూ వేసేదాన్ని. జవాబు ఇచ్చేవి కూడా. కానీ చుట్టాలింట్లో భోజనానికి కూర్చున్నట్టు ఉండేది.

కొన్నేళ్ళకి దాలినాయుడు డ్రైవరయ్యాడు. గవరయ్య అనే అతను ఫైర్‌మన్‌గా వచ్చాడు. నాయుడు భార్య గున్నమ్మ ఒక్కో రోజు క్యారేజీ తనే పట్టుకొచ్చి, చీరకొంగుతో నా కమ్మీ తుడిచి, మొగుడి కంటే ముందు నన్ను పలకరించేది. ఊళ్ళో అందరూ నన్ను నాయుడి రెండో పెళ్ళాం అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమే.

1949 జూలైలో, రెండు రోజులుగా వాన పడుతున్నప్పుడు, గున్నమ్మకి కడుపులో నొప్పి పట్టుకుంది. రాళ్ళవలసలో డాక్టరు లేడు. ఆస్పత్రి జంక్షన్‌లో ఉంది. పొద్దుటి బండిలో, నా వెనక మొదటి పెట్టెలో ఆమెని పడుకోబెట్టారు. నాయుడు పరుగున వచ్చి నా మీద ఎక్కాడు.

"అన్నా, నీల్లు పట్టలేదు," అన్నాడు గవరయ్య. రాళ్ళవలస నీళ్ళ గొట్టం సన్నం. ట్యాంకులు నిండాలంటే పావుగంట పట్టేది.

"సగం ఉన్నాయి గదరా. సాలు. పోనీ."

"మెట్ట కాడ మరి..."

"పోనీమంటన్నాను!"

నా సంగతి లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతను. అతనే ఆ మాట అన్నాడు. భయపడిన మనిషికి పావుగంట ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలిసింది.

దారిలో ఉన్న పులిమెట్ట అనే గుట్ట సగం ఎక్కేసరికి నా నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయి. నేను మాత్రం కదల్లేదు. పట్టాల మీద పోసే ఇసుక వానకి ముద్దయింది. జనం దిగారు. కంకర పరిచారు, గోనెలు వేశారు, భుజాలు పెట్టి తోశారు. రెండు బారలు ఎక్కడం, ఒక బార జారడం. నాయుడు కిందకి దిగి చేతులతో మట్టి తోడి పట్టాల మీద పోశాడు. అప్పుడు పెట్టె కిటికీలోంచి గున్నమ్మ గొంతు వినబడింది.

"ఏటయ్యా, నీ రెండో పెల్లాం మొరాయించిందేటి?"

"నీకన్నా మొండిదే ఇది!" అన్నాడు అతను. మరో దోసెడు మట్టి పోశాడు.

"దాన్ని తిట్టకు. ఎక్కుతాదిలే."

నేను విన్న ఆమె ఆఖరి మాట అది. ఎక్కాను. గంటన్నర ఆలస్యంగా జంక్షన్ చేరాం. మర్నాడు తెల్లవారేసరికి ఆమె లేదు. గవరయ్య గార్డుతో చెబుతుంటే విన్నాను: "డాక్టరుబాబు ముందే తేవాల్సిందని అన్లేదండి. అన్న బుజమ్మీద సెయ్యేసి నిలబడ్డారు, అంతే." ఆ డాక్టరుని నేను ఎన్నడూ చూడలేదు. అనకుండా ఊరుకున్న ఆ మాటకి మాత్రం ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

పన్నెండో రోజు నాయుడు పనిలోకి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు.  ఆ రోజు మొదలు ట్యాంకులు పొర్లి నేల మీద పడేదాకా నీళ్ళు పట్టేవాడు. ఎండాకాలంలో కూడా అంతే. చూసినవాళ్ళు నవ్వేవారు. గవరయ్య నవ్వలేదు, ఎందుకని అడగనూ లేదు. ఎవరూ క్యారేజీ పెట్టక, నా అర మీద నూనె డబ్బా ఒక్కటే మిగిలింది. దాన్ని చేసింది అందుకే కదా.

అలా పద్దెనిమిది ఏళ్ళు గడిచాయి. 1967లో నాయుడు రిటైరు కావడానికి వారం ముందు, షెడ్డు పెద్ద మంగపతిరావు గారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. నన్ను తునకలు చేయమని పై ఆఫీసు ఉత్తర్వు. ఇంజను ఇదేనని డ్రైవరు సంతకం పెట్టాలి. నాయుడు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. నా చుట్టూ ఒకసారి నడిచాడు. మళ్ళీ చదివాడు.

"నడిమిని ఆరు సెక్రాలని ఉందండి ఇందులో. దీనికి నాలుగే."

"ఇంత ఒంటికి నాలుగేమిటని టైపు కొట్టినవాడు ఆరు చేసి ఉంటాడు. పెట్టేయవయ్యా."

"లేని సెక్రాలకి నానెలా సంతకం ఎడతానండి?"

మంగపతిరావు గారు మంచివారు. గొంతు తగ్గించి అన్నారు: "నాయుడూ, ఆ రోజు సంగతి నాకూ తెలుసు. దీని మీద నీకు కోపం ఉండాలి గదా."

"తప్పు దానిది కాదండి," అన్నాడు నాయుడు. ఎవరిదో చెప్పలేదు.

కాగితం వెనక్కి వెళ్ళింది. మధ్యన నాలుగే చక్రాలున్న అటువంటి ఇంజను ఎవరూ చేయరనీ, మళ్ళీ చూసి రాయమనీ జవాబు వచ్చింది. మళ్ళీ చూశారు, నాలుగే అని రాశారు. ఉత్తరాలు ఎన్నో తిరిగాయి. చివరికి ఏమి తేలిందంటే, కాగితంలోని ఇంజను షెడ్డులో లేదు, షెడ్డులోని ఇంజను కాగితంలో లేదు. లేని ఇంజన్ని కోయడానికి లేదు. బొగ్గు ఇవ్వడానికీ లేదు. లైను మీదకి వేరే ఇంజను వచ్చింది. "లేనిదానికి కాపలా ఎందుకు, షెడ్డు తాళం నీ దగ్గరే ఉంచుకో," అని మంగపతిరావు గారు నాయుడికి ఇచ్చేశారు. నేను చావు తప్పించుకుని చీకట్లో నిలబడ్డాను. ఇంజను చల్లబడితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలియదు. పైకప్పులో పావురాలు కాళ్ళు మార్చుకున్నా వినిపిస్తుంది.

నాయుడు లైను పక్కనే గది తీసుకున్నాడు. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం బిందెతో నీళ్ళు తెచ్చి, నిచ్చెన ఎక్కి, నా ట్యాంకులో పోసి వెళ్ళాడు. మర్నాడూ ఒక బిందె. ఆ మర్నాడూ. అంత పెద్ద ట్యాంకులో ఒక బిందె నీళ్ళు పోస్తే అడుగున చప్పుడు తప్ప ఏమీ ఉండదు. నాకు అర్థం కాలేదు. దీపావళి వెళ్ళాక గవరయ్య వచ్చి చూశాడు.

"నడవని ఇంజనుకి నీల్లేటన్నా?"

నాయుడు నిచ్చెన మీద ఆగిపోయాడు. "నడిసినప్పుడు పట్టలేదు గదరా," అన్నాడు. "నువ్వు సెప్పేవు. నాను ఇన్లేదు."

పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ పక్కపక్కనే నిలబడి మోసిన మాట అది. గవరయ్య నిచ్చెన దగ్గరకి వచ్చాడు. తర్వాత కింద నుంచి చెయ్యి చాచాడు. "దిగు. ఇంక నాను పోస్తాను. ఇటియ్యి బిందె."

మర్నాటి నుంచి రోజూ రెండు బిందెలు. పోశాక గవరయ్య బీడీ కాల్చుకునేవాడు. నాయుడు పాత గుడ్డతో నా కమ్మీ తుడిచేవాడు, ఆమె తుడిచిన చోటే. బిందె బిందెకీ నా నాలుగు చక్రాల మీద బరువు పెరుగుతూ వచ్చింది. అది నాకు మాత్రమే తెలిసేది.

మాఘమాసంలో ఒక సాయంత్రం గవరయ్య పోసిన బిందె సగంలోనే నీళ్ళు అంచు దాటాయి. నా పక్కల మీదుగా జారి, పెద్ద చక్రాల మీద పడి, పట్టాల మధ్య చిన్న మడుగు కట్టాయి. ఇద్దరూ ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు. నాయుడు నా పొయ్యి తలుపు దగ్గరకి ఎక్కి, అర మీద అరచెయ్యి పెట్టాడు. అది చల్లగా ఉంది. అయినా తీయలేదు.

"ఇంక ఎక్కుతాదిలే," అన్నాడు.

ఆ మాట ఎవరిదో గవరయ్యకీ తెలుసు. బిందె బోర్లించి చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. నాయుడు దిగాడు. పావురాలు లేవకుండా, షెడ్డు తలుపు రెక్కలు రెండూ ఒక్కొక్కటిగా, నెమ్మదిగా దగ్గరకి వేశాడు.