మొదటి ఆప్షన్

మార్కెట్లో టమోటాలు ఏరుతుంటే జోయల్ సార్ వచ్చి పక్కన నిలబడ్డారు. మా వీణకు హైస్కూల్లో సైన్సు చెప్పిన సారు.

"ఏమ్మా సరస్వతమ్మా, పిల్లను పాలిటెక్నిక్‌కు వద్దన్నారంట గదా," అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"ఎవరన్నారు సార్?"

"వీణే సెప్పింది, మా అమ్మ వద్దనింది సార్ అని. ఎల్లుండితో ఆదోనిలో సర్టిఫికెట్లు చూపించే గడువు అయిపోతాది. మంచి ర్యాంకమ్మా. కరెంటు పాఠం చెప్తే ఇంటికి పోయి స్విచ్చి బోర్డు ఇప్పిన పిల్ల అది. మీకేమన్నా ఇబ్బంది ఉంటే చెప్పండి."

నేను వద్దనలేదు సార్ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట అంటే నా బిడ్డ అబద్ధం చెప్పిందని ఆయనకు చెప్పినట్టే. "మాట్లాడతాను సార్" అని, ఏరిన టమోటాలు తక్కెట్లో వేయకుండానే వచ్చేశాను.

దారిపొడవునా ఆలోచించాను. అసలు మా ఇంట్లో వద్దన్నది ఎవరు? మా ఆయన ఈరన్న "దాని ఇష్టం" అన్నాడు. మా అత్త మహాదేవమ్మ "ఆడపిల్ల ఏది సదివినా ఒకటేలే" అంది, వద్దని మాత్రం అనలేదు. పది రోజుల కింద ఒక మధ్యాహ్నం రాట్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా వీణే చెప్పింది: "నేను ఈడ్నే ఎమ్మిగనూరులో ఇంటర్ సేరతానమ్మా. మధ్యాహ్నానికంతా ఇంటికొచ్చేస్తా." అత్త దాని తల నిమిరి, "బుద్ధిమంతురాలు, అచ్చం అమ్మ పోలిక" అంది. మా ఆయన మగ్గం మీది నుంచే నవ్వాడు. నేను ఏం చేశాను? నిజం చెప్పుకోవాలి. నాకు హాయిగా అనిపించింది. కుడి మణికట్టు నొప్పి ఆ క్షణానికి తగ్గినట్టే అనిపించింది. ఎందుకమ్మా అలా అంటున్నావని ఒక్క మాట కూడా అడగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

మగ్గం మీద చీర నేసేది ఈరన్న. ఆ చీరకు కావలసిన నూలంతా రాట్నం తిప్పి చిన్న గొట్టాల్లాంటి కండెలకు చుట్టి అందించేది నేను. కండె అయిపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఆయన గొంతు లేస్తుంది. వంట, నీళ్లు, అత్తకు కాళ్లు పట్టడం, ఇవన్నీ రెండు కండెల మధ్యలోనే జరగాలి. మూడేళ్ల కింద మణికట్టు వాచి, బొటనవేలు వంగడం మానేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది మా ఆయనే. డాక్టరు "ఏం పని చేస్తావమ్మా?" అని నన్ను అడిగితే, ఆయనే జవాబు చెప్పాడు: "పనేమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాది." నన్ను తక్కువ చేయాలని కాదు. ఆయనకు నిజంగానే అలా కనిపిస్తుంది. నేను కూడా తలూపాను. డాక్టరు నొప్పికి మాత్రలు రాసిచ్చాడు.

ఆ వారం నుంచే వీణ బడి నుంచి రాగానే సంచి పక్కన పడేసి రాట్నం ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

నేను ఇల్లు చేరేసరికి వీణ పెరట్లో నూలు ఆరేస్తోంది.

"నేనెప్పుడు వద్దన్నాను వీణా?"

చేతిలోని నూలు కట్టను రెండుసార్లు దులిపింది. "జోయల్ సార్ కనపడినాడా?"

"అడిగినదానికి చెప్పు."

"నాకే ఇష్టం లేదంటే సార్ నమ్మడు. నాన్న వద్దన్నాడంటే ఇంటికొచ్చి నాన్నతో గొడవ పడతాడు. నీ పేరు సెప్తే ఎవురూ ఏమీ అడగరమ్మా." తప్పు చేసినట్టు కాకుండా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "నేను పోతే నువ్వొక్కదానివే ఎట్ల సుడతావు? నిన్న అన్నం కలుపుకునేకి ఎడం చెయ్యి పెట్టినావు. నేను సూసినా."

నేను అక్కడే బండ మీద కూర్చున్నాను.

మా పుట్టింటి ఊరు గోనెగండ్లలో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయినప్పుడు నాకూ పదిహేనేళ్లే. మా అమ్మ కాన్పు కష్టమై మంచం మీద ఉంది. నాయన పొలం కూలికి పోవాలి, ఇంట్లో ఇద్దరు తమ్ముళ్లు, నా చేతిలో అమ్మ కన్న పసిబిడ్డ. నాయన ఏమీ అడగకముందే నేనే చెప్పాను: "నాకు సదువు మీద మనసు లేదు నాయనా." ఆయన మళ్లీ అడగలేదు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. పెళ్లిచూపుల్లో అదే మాట చెప్పారు. ఇప్పటికీ చుట్టాల ముందు మా ఆయన నవ్వుతూ అంటాడు, "మా ఆమెకు సదువంటే గిట్టదు, ఆమే సెప్పింది" అని. విని విని నేనూ నమ్మేశాను. అమ్మ అప్పుడు నిద్రపోయిందనుకున్నాను. ఆమె ఆ రోజు ఎందుకు గోడ వైపు తిరిగిందో పెరట్లో, ఆ బండ మీద కూర్చున్నప్పుడు తెలిసింది. పది రోజుల కింద నేను పొయ్యి దగ్గరికి పోయినట్టే ఆమె గోడ వైపు తిరిగింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పాను. "ఎల్లుండి వీణను పిలుచుకొని ఆదోనికి పోతాండా. పాలిటెక్నిక్‌లో సేర్పించేకి."

ముద్ద చేతిలోనే ఉంచుకుని తలెత్తాడు. "ఆదోనా? ఆదోనైతే మేలే. పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి వచ్చేస్తాది. వచ్చినాక సుట్టేది సుడతాది. ఏం పాపా?"

"ఐదున్నరకంతా వచ్చేస్తా నాన్నా," అంది వీణ. దాని ముఖం వెలిగిపోయింది.

"ఇంగేం మరి," అంది అత్త.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. మా ఆయన మజ్జిగ మళ్లీ పోయించుకున్నాడు. నాకే ఎందుకో ముద్ద దిగలేదు. ఏం తక్కువైందో ఆ రోజు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని.

ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని వీణ మాట్లాడుతూనే ఉంది. మూడేళ్లలో డిప్లొమా వస్తుందట, తర్వాత ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చట, కరెంటు సబ్‌స్టేషన్లలో ఇప్పుడు ఆడవాళ్లు కూడా పని చేస్తున్నారట. ఆ మాటల మధ్యలోనే అంది: "పొద్దున నాలుక్కు లేస్తే పది కండెలు సుట్టి పోవచ్చమ్మా. మిగతావి రాత్రికి." అప్పుడు తెలిసింది, నాకు ముద్ద ఎందుకు దిగలేదో. నా పిల్ల చదువుకు పోవడం లేదు. చదువును కూడా నెత్తికెత్తుకుంటోంది.

కాలేజీలో సర్టిఫికెట్లు చూడడం అరగంటలో అయిపోయింది. కంప్యూటర్ ముందున్న మేడమ్ వీణను కుర్చీలో కూర్చోబెట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను.

"ఏ కాలేజీ కావాలో వరసగా చెప్పమ్మా. ముందు పెట్టిన ఆప్షనే ముందు చూస్తారు. తర్వాత మార్చమంటే కష్టం."

"ఆదోని మేడమ్. ఎలక్ట్రికల్."

"నీ ర్యాంకుకు కడప మహిళా పాలిటెక్నిక్ కూడా రావచ్చు. హాస్టల్ ఉంది. అది ముందు పెడతావా?"

"వద్దు మేడమ్. దూరం."

"దేనికి దూరం?" అన్నాను నేను.

వీణ వెనక్కి తిరిగింది. ముందు నా ముఖం చూసింది, తర్వాత నా చెయ్యి చూసింది. చేతిని కొంగు కింద దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు.

"దేనికి దూరం వీణా? నీ పుస్తకాలకా?"

మేడమ్ మౌస్ మీద చెయ్యి పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మా వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"ఆడికి పోతే నేను నెలకొకసారి కూడా రాలేనమ్మా."

"రాలేవు."

"మరి కండెలు ఎవురు సుడతారు?"

నేను సుడతానులే, నువ్వు పో అని ఏ తల్లయినా అనే మాటే నా నాలుక మీదికి వచ్చింది. ఆ మాట అంటే నా చెయ్యి తలుచుకుని కడపలో కూడా దానికి నిద్ర పట్టదు. ఆ మాట మా అమ్మ అనలేదు, అన్నా నేను వదిలి పోయేదాన్ని కాదు.

"నాకు తెలీదు," అన్నాను.

పద్దెనిమిదేళ్లలో ఆ ఇంటి పని గురించి నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. భయం వేసింది. వీణ పోయాక మగ్గం ఆగుతుంది, ఆయన గొంతు లేస్తుంది, అత్త గడపలో కూర్చుని ఊరందరికీ చెబుతుంది. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

వీణ కుర్చీని కంప్యూటర్ వైపు తిప్పుకుని, మేడమ్‌తో నెమ్మదిగా అంది:

"కడప ముందు పెట్టండి మేడమ్."