అర్చనకు కట్టిన సవరం

అమరావతి ఉడికిన గుడ్లను చల్లనీళ్లలో వేసి, పెంకు వలుస్తూనే మాటిమాటికీ వాకిలి వైపు చూస్తోంది. అంగన్‌వాడీలో ఆయా ఆమె. కుప్పం నుంచి పుంగనూరు పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తల్లో పట్టిన పని అది. కడుపు పండలేదు గానీ, ఊళ్లో సగం మందికి ముక్కు తుడిచి పెద్దచేసింది ఆమే. వాళ్లిప్పుడు బండ్ల మీద పోతూ పలకరించరు. దానికీ ఆమె ఏమీ అనుకోదు.

ఈ రోజు చూపంతా అర్చన కోసమే. నాలుగేళ్ల పిల్ల. ఇంటిదేవుడికి తలనీలాలిచ్చి వచ్చినప్పటి నుంచి హాజరు కోసం ముఖాన్ని జుట్టున్న పాత ఫొటోతో పోల్చిచూసే టీచరు ఫోను ఆ పిల్లను గుర్తుపట్టడం మానేసింది. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా రాలేదనే చూపిస్తుంది. పైవాళ్లకు చెబితే, ఫోనులో పడితేనే వచ్చినట్టు అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. తల్లి వసుధకు విసుగెత్తింది. ఈ రోజూ ఫోను కాదంటే మధ్యాహ్నం బస్సుకే మదనపల్లెలోని తన పుట్టింటికి పంపేస్తానంది. అక్కడి బడిలో గోడంత టీవీలో అక్షరాలు ఆడతాయట.

అన్నం వేళకు అర్చన రాగానే అమరావతి ఆ పిల్ల చేతిలో గుడ్డు పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తన కొప్పులోంచి సవరం విప్పింది. ఏళ్ల తరబడి రాలిన తన వెంట్రుకలనే దాచి కట్టించుకున్నది. దాన్ని ఆ బోడిగుండు మీద పెట్టి, ఎర్ర రిబ్బనుతో గడ్డం కింద ముడివేసింది. పిల్లలు పకపకా నవ్వారు. అర్చన కూడా నవ్వింది. టీచరు మాధవీలత నవ్వాపుకుంటూ ఫోను ఎత్తింది.

"కదలొద్దు తల్లీ, నేరుగా సూడు," అంది అమరావతి.

తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. కాదంది. మళ్లీ తీస్తే మళ్లీ కాదంది. మాధవీలత ఫోను బల్ల మీద పెట్టి ముఖం తిప్పుకుంది.

గుమ్మంలో నిలబడ్డ వసుధ నెమ్మదిగా అంది. "నీ మీద కోపం లేదక్కా. ఈడ నా బిడ్డ ఉండీ లేనట్టే గదా."

"ఉండాది గదమ్మా. నా ఒళ్లోనే ఉండాది."

ఆ మాట ఎవరికి చెబితే చెల్లుతుందో అమరావతికి తెలియలేదు.

బయట బస్సు హారను మోగింది. వసుధ ముడి విప్పే తీరిక లేక సవరాన్ని పైకి లాగి చాప మీద పడేసి, పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది. అర్చన సగం కొరికిన గుడ్డు పట్టుకుని మలుపు దాకా వెనక్కే చూస్తూ పోయింది.

సాయంత్రం అమరావతి పళ్లేలు కడిగి, నేల తుడిచి, కొప్పు లేకుండానే తాళం వేసుకుని వెళ్లింది. లోపల చాప మీద, అర్చన కూర్చునే చోట, సవరం పడి ఉంది, ఎర్ర రిబ్బను ముడి వేసింది వేసినట్టే.