ఇంట్లోకేగా

కంప్యూటర్‌కి జ్ఞాపకశక్తిలాంటి ర్యామ్ ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దాని అంచున వరసగా ఉన్న బంగారు రంగు గీతల మీద మురికి పోయేలా రబ్బరుతో రుద్దుతున్నాడతను. పిల్లలు పెన్సిల్ రాత చెరుపుకునే మామూలు రబ్బరే. ఎడమ నుంచి కుడికి, మళ్ళీ తిప్పి, ఉఫ్ అని ఊది. కంప్యూటర్ల దుకాణంలో చేరిన నాటి నుంచీ ఇదే పని. జేబులో పెన్ను లేని రోజుంటుంది గానీ రబ్బరు లేని రోజుండదు కాబట్టి, బజారంతా అతన్ని రబ్బరు మాస్టారు అంటుంది. సన్నటి వేళ్ళు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, కింద పడ్డ స్క్రూల కోసం వంగి వంగి అలాగే ఉండిపోయిన మెడ.

ఆ ముక్క పేరూ ఊరూ లేని లోకల్ సరుకు. కంప్యూటర్ బిగుసుకుపోతోందని ఎవరో వెనక్కి ఇచ్చేసింది. రుద్దాక టెస్టు పెట్టాడు. పూర్తిగా నడవాలంటే సాయంత్రం దాకా పడుతుంది. టీ తాగి వచ్చేసరికి మొదటి విడత తప్పుల్లేకుండా దాటింది. చాల్లే అని ఆపేశాడు.

"మాస్టారూ, లోకల్‌దానికీ కంపెనీదానికీ తేడా ఏంటండీ? పైన స్టిక్కరేగా?" ఫొటో స్టూడియో ఆయన కౌంటర్ మీద మోచేతులు ఆన్చి అడిగాడు.

"లోకల్‌ది చచ్చిపోతే గొడవే లేదండీ, తెలిసిపోతుంది. చావకుండా అబద్ధం చెబుతుంది. మీరు దాచింది ఒక ఫొటో, అది తిరిగిచ్చేది ఇంకొకటి. పెద్దమనిషి ముక్కు మీద పచ్చగీత వచ్చిందనుకోండి, ఆయనకేం చెబుతారు?"

స్టూడియో ఆయన తన ముక్కు తడుముకుని, కంపెనీది కొనుక్కెళ్ళాడు. మాస్టారు ఉపన్యాసం మొదలుపెడితే లోకల్‌ది కొన్నవాడు ఇంతవరకూ లేడు.

పొద్దున ఇంట్లో అక్క కూడా కంపెనీదే అడిగింది. ఇంట్లో ఉండేది ఇద్దరే. పెళ్ళి ఊసు ఇద్దర్నీ గుమ్మంలోనే పలకరించి, కూర్చోకుండా వెళ్ళిపోయింది. అక్క కంప్యూటర్లో ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తుంది, పక్కనున్న మిషను వాటిని బట్ట మీద కుడుతుంది. మిషను అక్క కొనుక్కున్నది. కంప్యూటర్ తమ్ముడు చేసిచ్చింది. దాన్లో దుకాణంలో మిగిలిపోని భాగం ఒక్కటీ లేదు. ఇప్పుడు దాని ర్యామ్ మొరాయిస్తోంది.

"ఒరేయ్, ఈసారి మాత్రం కంపెనీదే తేరా. బొటిక్ ఆవిడ పట్టుబట్ట ఇచ్చి వెళ్ళింది. ఇది నచ్చితే రోజూ పనిస్తానంది. లేకపోతే చెల్లెలు ఊరుకునేలా లేదు. 'ఖాళీగానే ఉన్నావుగా అక్కా, వచ్చి పిల్లల్ని చూడు' అంటోంది. దాని కవలల ముడ్లు కడుగుతూ ముసలిదాన్నవ్వాలి."

మధ్యాహ్నం భోజనానికి లేస్తూ, ఒక అరచేతిలో కంపెనీది, ఇంకో అరచేతిలో రుద్దినది పెట్టుకుని చూశాడు. దుకాణం యజమాని నవ్వాడు.

"ఏంటి మాస్టారూ, తూకం వేస్తున్నారా? కంపెనీదే పట్టుకెళ్ళండి. నాకు పడ్డ ధరకే ఇస్తాలెండి."

"ఎందుకులెండి. ఇంట్లోకేగా."

తల తిప్పడం మానేసిన ఫ్యాను ఆ ఇంటికొచ్చింది ఇంట్లోకేగా అనుకునే. అలా వచ్చిన మిక్సీ ఒక కంపెనీది, మూత ఇంకో కంపెనీది. అది తిరిగినంతసేపూ అక్క దాని నెత్తిన చెయ్యి పెట్టి ఆశీర్వదిస్తున్నట్టు నిలబడాలి. అతను పిసినారేం కాదు. బజార్లో ఎవరు కనబడినా టీ ఇప్పిస్తాడు. మంచి వస్తువు బయటివాళ్ళకే అన్న లెక్క ఎప్పుడు తలకెక్కిందో అతనికే తెలీదు.

ఇంటికెళ్ళి ఆ రుద్దిన ర్యామ్ బిగించి మూత వేస్తుంటే అక్క వచ్చి నిలబడింది.

"కంపెనీదేనా?"

"ఆఁ, అదే."

కంప్యూటర్ చటుక్కున లేచింది. అక్క మొహం విప్పారింది. ఆమెకో పద్ధతి ఉంది. ఏ డిజైనైనా ముందు పాత గుడ్డముక్క మీద కుట్టించి, కళ్ళారా చూసుకున్నాకే ఇచ్చినవాళ్ళ బట్ట ముట్టుకుంటుంది.

"ఇంక ఆ గుడ్డముక్కల చాకిరీ తప్పిందిలే. తిన్నగా పట్టు మీదే కుట్టేస్తా. ఆవిడ సాయంత్రమే వస్తుంది" అంది.

అతను విన్నాడు. నోరు కూడా తెరిచాడు. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకుని, చెయ్యి కడుక్కుని దుకాణానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మిషను చప్పుడు లేదు. బల్ల మీద పట్టుబట్ట పరిచి ఉంది. కొమ్మ, ఆకులు, ఆకుల్లో పిట్ట, అన్నీ ముచ్చటగా వచ్చాయి. పిట్ట కంట్లోంచి మాత్రం ఒక దారం స్కేలు పెట్టి గీసినట్టు బట్ట చివరిదాకా పోయింది. పోయి, వెనక్కొచ్చి, మళ్ళీ పోయింది. సూది దిగినచోటల్లా పట్టు చిరిగింది. బొటిక్ ఆవిడ బట్టనీ అక్కనీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయిందట.

అక్క సంచీ సర్దుతోంది.

"మూత విప్పి చూశాలే. రబ్బరు పొట్టు ఇంకా దాన్ని అంటుకునే ఉందిరా."

"రేపు కంపెనీది తెస్తానక్కా. ఒట్టు."

"తెచ్చుకో. చెల్లికి వస్తున్నానని చెప్పేశాను." చీర మడత ఒకటి విప్పి, మళ్ళీ అలాగే మడిచింది. "లోకల్‌దని చెప్పుంటే గుడ్డముక్క మీద చూసుకునేదాన్ని కదరా. ఇన్నాళ్ళూ దాంతోనేగా నెట్టుకొచ్చింది!"

అతను సంచీ మోసుకుంటూ బస్సు దాకా వెళ్ళాడు. అక్క కిటికీ దగ్గర కూర్చుని, "వానొచ్చేలా ఉంది, ఆరేసిన బట్టలు తీసుకో" అంది. బస్సు కదిలింది.

బట్టలు తీసి లోపలికొచ్చాడు. కంప్యూటర్‌ని ఎప్పుడూ నేల మీద మోకాళ్ళేసుకుని విప్పడమే గానీ, దాని ముందు కూర్చున్నది లేదు. ఇవాళ కూర్చున్నాడు. కుర్చీ దుకాణంలో పక్కన పడేసిందే, తనే తెచ్చాడు. మనిషి బరువు పడగానే అది బుస్సుమంటూ కిందికి కుంగింది. అయినా బల్ల సరిగ్గా మోచేతికే అందింది. లేచి చూశాడు. కుర్చీ మీద పాత దుప్పటి ఒకటి, కుంగిన ఎత్తుకి సరిపోయేలా మడత మీద మడతగా మందంగా వేసి, జారకుండా అంచుల చుట్టూ మిగిలిపోయిన రంగు రంగుల పట్టుదారాలతో అక్క చేత్తో వేసిన సన్నటి కుట్టు.