నాగులమ్మ చాటలో కందులు

చాయ్ తాగినంక అరుగు మీద కూర్చుని కందులు చెరగడం నాగులమ్మ అలవాటు. ఇబ్రహీంపట్నంలో భూమి కంపించి బడి పగిలిన రోజు నుంచి ఆ కందులు ఒక్కచోట ఉండటం లేదు. ఊళ్లో ఎక్కడ చిన్న అదురు వచ్చినా ఒక గింజ లేచి, చాటలో ఆ దిక్కుకే పోయి కూర్చునేది.

"ఇయ్యాల ఎన్ని కదిలినయ్ పెద్దమ్మా?" అని అడిగి, ఇరుగుపొరుగు తమ పనులకు పోయేవాళ్లు.

మనవరాలు పూజిత హైదరాబాద్‌లో భూకంపాలు కొలిచే ఆఫీసులో కొత్తగా చేరింది. ఊరికి నాలుగు యంత్రాలిచ్చి ఆమెనే పంపారు. కొత్త వెంచర్లకు మట్టి మోసే టిప్పర్ల మోతలో చిన్న అదురులు ఆ యంత్రాలకు అందలేదు. వచ్చిన పన్నెండో రోజు పొద్దున ఆమె చాట ముందు కూర్చుంది. గింజలన్నీ ఒకే గీతలో పేరుకున్నాయి. రెండు కొసల్లో కుప్పలు, నడుమ ఖాళీ.

"బడి పగిలింది నడుమనే గదా, అక్కడ గింజల్లేవేందే?" అంది నాగులమ్మ.

"అక్కడ రాయి జారాల్సినంత జారింది నాయినమ్మా. ఆ బరువు ఇప్పుడు కొసల మీద పడ్డది."

అంటూనే పూజిత గీత కొసల దిక్కు చూసింది. కోహెడ దిక్కు కొసనే ఫంక్షన్ హాలు ఉంది. బడి పగిలాక పిల్లలకు అక్కడే పాఠాలు చెబుతున్నారు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే, "అదురులు తగ్గినయ్. జనాన్ని బెదిరిస్తే నౌకరీ ఉండదు" అన్నాడు పెద్ద సారు. ఫోన్ పెట్టేసి ఆమె హాలుకు ఉరికింది.

"సార్, పిల్లల్ని బయటికి పంపుండ్రి!"

"పరీక్ష నడుస్తుంది. ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు హెడ్మాస్టర్ విద్యాసాగర్.

"మా నాయినమ్మ చాటల కందులు."

"నాగులమ్మ చాటనా? ముందే చెప్పొద్దా!" అంటూ ఆయనే పోయి గంట కొట్టాడు.

పిల్లలు జవాబు కాగితాలతోనే ఎదుటి చేనులోకి పరుగెత్తారు. ఇంకో పావుగంటకు కాళ్ల కింద నేల ఊగింది. హాలు పైకప్పు కుర్చీల మీద కూలింది.

దుమ్ము తగ్గకముందే విద్యాసాగర్ హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచాడు. రోడ్డు మీద నుంచి తల్లులు ఉరికొస్తున్నారు. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు పలుకుతోంది. చివరి పేరు హర్షిత. జవాబు రాలేదు. పూజిత కూలిన హాలు వైపు తిరిగింది.

"హర్షితా!"

"ఉన్న సార్! చెప్పు తెగింది!" అని గట్టు అవతల నుంచి ఒక చేయి లేచింది.

చేనంతా ఒక్కసారి కేక పెట్టింది.