బల్ల కాలి కింది రాణి

ఇంజను బాగుచేయించడానికి కూడబెట్టిన డబ్బంతా బల్ల మీదే ఉంది. పేకాటలో నిలవాలంటే ఇక వ్యాను తాళం పెట్టాలి. నా భార్య బయట ఆ వ్యానులోనే కూర్చుంది. మెకానిక్ దగ్గరికి వెళ్తూ, ఒక్క నిమిషమని చెప్పి లోపలికొచ్చాను.

నా చేతిలో ఆసు, రాజు. బల్ల మీద తెరిచిన ముక్కల్లో పది, జాకీ ఉన్నాయి. తెరవాల్సింది ఇంకొక్కటే. అది రాణి అయితే వరస కుదిరి డబ్బంతా నాది. కాకపోతే వ్యాను ఎదురుగా కూర్చున్న నా బావమరిదిది.

“ఏంటి బావా, ముక్కల్ని పొదుగుతున్నావా? తాళమన్నా పెట్టు, ముక్కలన్నా పడెయ్,” అన్నాడు వాడు.

మాతో ఆడుతున్న టైలరు ఆట వదిలేస్తూ తిట్టుకుని విసిరికొట్టిన ముక్కలు రెండూ రాణులే. ఇంకా రెండున్నాయి కదా అని తాళం బయటికి తీశాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆట మొదట్లో బల్ల ఊగుతుంటే పేకలోంచి ఒక ముక్క తీసి, చూడకుండా మడిచి కాలి కింద పెట్టింది నేనే. ఒక్క ముక్క లేకపోతే కొంపలు మునగవులే అన్నాను. అందరూ నవ్వారు.

చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి చూశాను. మడతలోంచి రాణి ముఖం కనిపించింది. మిగిలింది ఒక్కటే. అది పేకలో ఉందో, వాడి చేతిలోనే ఉందో.

ముక్కలు బోర్లా పెట్టి లేచి, బయటికొచ్చి వ్యానెక్కాను.

“డబ్బేది?” అంది నా భార్య.

“పోయింది.”

“బండి?”

తాళం చూపించాను. ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. ఆమె దిగి, వెనక్కి వెళ్లి తోయడం మొదలుపెట్టింది.